కాలిక్రింది భూమి కదలుచున్నది



2024వ సంవత్సరము డిసెంబరు నెల ఉత్తరార్ధమున ప్రకాశము జిల్లాలోని ముండ్లమూరు, తాళ్లూరు ప్రాంతములందు వరుసగా కొన్ని దినములు భూమి స్వల్పముగా కంపించినది. ప్రతి కంపమును కొన్ని క్షణములు మాత్రమే యున్నది. అయినను ఇండ్లలోనివారు వీధులలోనికి పరుగెత్తిరి. అదే నెల 4వ తేదీ ఉదయమున గోదావరీతీరపు ములుగు ప్రాంతము కేంద్రముగా 5.3 పరిమాణము గల భూకంపము కలిగి రెండు తెలుగు రాష్ట్రములందును తెలిసినది. అట్టి దినములలో నిజముకంటె వదంతియే ముందు నడచును. రేపు రాత్రి పెద్దది వచ్చునని యొకరు, భూమి నోరు తెఱచునని యొకరు, కలికాలము ముగిసినదని వేఱొకరు చెప్పుదురు.

ఇల్లు కదలినప్పుడు ఒడిలో బిడ్డ గల తల్లి భయపడుట సహజము. దానిని గేలి చేయరాదు. కాని తెలియక భయపడుట వేఱు, తెలిసి జాగ్రత్తపడుట వేఱు. మన కాలిక్రింద నేమున్నది, అది యేల కదలును, ప్రత్తియు మిరపయు పండు మన మైదానముల క్రింద ప్రత్యేకముగా నేమి గలదు, ఇల్లాలు చేయదగిన దేమి అను నీ విషయములను మా యెఱిగినంతమేరకు ఇచట వివరించెదము.

అమరకోశము వల్లించినవారికి భూమి పేర్లలో అచల, స్థిర, సర్వంసహ యనునవి తెలియును. చలింపనిది, నిలిచియుండునది, అన్నిటిని సహించునది యని వాని యర్థము. మనుష్యుని యాయువును కొలబద్దగా గైకొన్నచో ఈ పేర్లు తగియే యున్నవి. ఎనుబది యేండ్లు బ్రదికినవారును కొండ నడచుట చూడరు. కోట్ల యేండ్ల కొలబద్దతో చూచినచో మాత్రము అచల యనబడు భూమియే చలించుచున్నది. కొండలు లేచుచున్నవి, సముద్రములు వెడల్పగుచున్నవి. ఇక పురాణములలో అతలము మొదలు పాతాళము వఱకు ఏడు అధోలోకములు చెప్పబడినవి. వానిని శాస్త్రజ్ఞులు చెప్పు పొరలతో సరిపెట్టుట తగదు. అవి నాగులకును దానవులకును నివాసములుగా వర్ణింపబడిన లోకములు. ఇవి కొలతలవలన తెలిసిన పొరలు.

ఆ కొలత యెట్లు సాధ్యమైనది? భూమి నడిమికి పోయి చూచినవా రెవరును లేరు. తెలుగువా రనేకులు తరతరములుగా పనిచేసిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. వాని లోతు 3 కిలోమీటర్లకు మించినది. అచట రాతిగోడలే వేడెక్కి యుండెడివి. రష్యాదేశమున కోలా యనుచోట తొలిచిన రంధ్రము 1989 నాటికి 12,262 మీటర్ల లోతునకు చేరినది. మానవుడు తొలిచిన మిక్కిలి లోతైన రంధ్రములలో నది ప్రసిద్ధమైనది. కాని భూకేంద్రము 6,371 కిలోమీటర్ల లోతున నున్నది. అనగా ఆ రంధ్రమునకు ఐదువందల రెట్లకు పైగా.

సంతలో కుండ కొనునప్పుడు మనమేమి చేయుదుము? వ్రేలితో తట్టి, చప్పుడు విని, పగులున్నదో లేదో చెప్పుదుము. శాస్త్రజ్ఞులు చేసినదియు నదియే. పెద్ద భూకంపము వచ్చినప్పుడు భూమియంతయు తట్టిన కుండవలె మ్రోగును. ఆ మ్రోత మన చెవికి వినబడదు గాని దేశదేశములందలి యంత్రములు దానిని గీతలుగా వ్రాసికొనును.

ఈ మ్రోతలో ముఖ్యముగా రెండు విధములైన తరంగములు గలవు. మొదటిది నెట్టుడు తరంగము. తిరునాళ్ల గుంపులో వెనుకవాడు నెట్టిన నెట్టు ముందువాని వఱకు సాగినట్లు ఇది సాగును. రెండవది ఊపుడు తరంగము. ఉతికిన చీరను కొస పట్టి దులిపినప్పుడు అల సాగినట్లు ఇది సాగును. నెట్టుడు తరంగము రాతిలోను, నీటిలోను పోగలదు. ఊపుడు తరంగము ద్రవములో పోలేదు. ఈ యొక్క భేదమే భూగర్భరహస్యమునకు తాళపుచెవి యైనది.

1897 జూన్ 12న అస్సాము ప్రాంతమున మహాభూకంపము సంభవించినది. భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో పనిచేసిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దానిని పరిశోధించి, దూరదేశముల యంత్రములలో ఈ తరంగములు వేఱువేఱుగా చేరినట్లు గుర్తించెను. 1906లో భూమి నడుమ వేఱొక పదార్థముతో కూడిన కేంద్రమండలము గలదని ఆయనయే తెలిపెను. 1909లో క్రొయేషియా దేశీయుడైన మొహొరొవిచిచ్ పైపొర యెచట ముగియునో కనుగొనెను.

అటుపిమ్మట వచ్చినది యొక స్త్రీ పేరు. డెన్మార్కు దేశస్థురాలైన ఇంగె లేమాన్ 1929లో న్యూజీలండున వచ్చిన భూకంపపు తరంగములను పరిశీలించెను. ఆ కాలమున గణనయంత్రములు లేవు. ఆమె లెక్కలను అట్టముక్కలపై వ్రాసి, ఓట్సు పిండి వచ్చు ఖాళీ పెట్టెలలో వరుసగా భద్రపఱచెడిది. వంటింటి పెట్టెలలో దాచిన యా లెక్కలవలన, ద్రవమైన కేంద్రమండలము నడుమ మఱల గట్టిదగు గోళ మొకటి గలదని 1936లో ఆమె ప్రకటించెను. అది నేటికిని నిలిచియున్న సిద్ధాంతము. ఆమె 1888లో జన్మించి నూటనాలుగేండ్లు జీవించి 1993లో మరణించినది.

ఇట్లు తెలిసిన పొరలను పిల్లలకు మామిడిపండు కోసి చూపి చెప్పవచ్చును. తొక్క భూపటలము. ఖండముల క్రింద నిది సాధారణముగా 30 మొదలు 40 కిలోమీటర్ల మందము, సముద్రముల క్రింద సుమారు 7 కిలోమీటర్లు. గుజ్జు ప్రావారము, ఇది దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వఱకు గలదు. టెంక బాహ్య కేంద్రమండలము. కఱగిన యినుమును నికెలును గలది. సుమారు 5,150 కిలోమీటర్ల లోతు వఱకు వ్యాపించినది. టెంకలోని జీడి అంతర కేంద్రమండలము. అదియు ఇనుమే గాని, పైనుండి పడు మహాభారముచేత కఱగక గట్టిగా నున్నది. అచటి వేడి 5,000 డిగ్రీల సెల్సియసునకు మించునని యంచనా. పోలికలో రెండు భేదములు పిల్లలకు చెప్పవలెను. మామిడిలో టెంక గట్టిది, భూమిలో టెంక స్థానమందున్నది ద్రవము. మఱియు భూపటలము భూమి పరిమాణముతో పోల్చినచో మామిడితొక్క కంటెను పలుచన.

లోపలంతయు కుతకుతలాడు ద్రవమని అనేకులు తలతురు. అది సరికాదు. ప్రావారము రాయియే. కాని వేడిచేత అతి మందముగా సాగు స్వభావము గలది. బెల్లపు పాకముతో చేసిన జీడిని రోకలితో కొట్టినచో పగులును. అదే జీడిని ఎండలో వదలినచో మెల్లగా సాగి చదునగును. ప్రావారపు రాయియు నట్టిదే. అడుగున వేడెక్కిన భాగము యుగముల తరబడి పైకి వచ్చును, పైన చల్లాఱిన భాగము క్రిందికి దిగును. పొయ్యిమీది పాలగిన్నెలో పాలు పైకి క్రిందికి తిరుగునట్టిదే ఈ తిరుగుడు. వేగము మాత్రము వేఱు.

పాలమీద మీగడ యున్నట్లు ఈ ప్రావారముపై గట్టి రాతిపొర యున్నది. భూపటలమును, దాని నంటియున్న ప్రావారపు పైభాగమును కలిసి సుమారు 100 కిలోమీటర్ల మందము గల ఈ పొర యొక్కటిగా లేదు. అనేక ఖండములుగా చీలియున్నది. వీనినే బడి పుస్తకములలో పలక లందురు. పెద్దవి ఏడు, చిన్నవి మఱి కొన్ని. ఒకచోట రెండు పలకలు దూరమగును, నడుమ క్రొత్త రాయి పుట్టును. ఒకచోట ఎదురెదురుగా వచ్చి ఢీకొనును, లేదా ఒకటి మఱియొకదాని క్రింద దూఱును. వేఱొకచోట ఒకదాని నొకటి ఒరసికొని ప్రక్కలకు జరుగును. ప్రపంచమందలి భూకంపములలో అధికభాగము ఈ అంచులయందే కలుగుచున్నవి.

ఖండములు కదలునని 1912లో జర్మను దేశీయుడు ఆల్‌ఫ్రెడ్ వేగెనర్ చెప్పినప్పుడు పండితు లనేకులు నవ్విరి. కదలించు శక్తి యేదో ఆయన చూపలేకపోయెను. 1930లో గ్రీన్‌లండు మంచులో ఆయన మరణించినప్పటికి ఆ వాదమును నమ్మినవారు కొలదిమందియే. పిదప అమెరికాలో మేరీ థార్ప్ అను నామె సముద్రపు లోతుల కొలతలను గైకొని పటములు గీచుచు, అట్లాంటిక్ సముద్రపు నడుమ పొడవున సాగిన కొండలవరుసను, దాని శిరస్సున నిలువున చీలిన లోయను 1950ల తొలినాళ్లలో గుర్తించెను. పలకలు విడిపోవు చోటు అదియే. ఆడువారిని పరిశోధక నౌకల నెక్కనీయని దినము లవి. ఆమె తీరమున బల్లయొద్ద కూర్చుండి యీ పని చేసినది. తోటి పరిశోధకుడు దీనిని ఆడపిల్లల మాటగా మొదట త్రోసివేసెను. భూకంపముల స్థానములను అదే పటముపై గుర్తించి చూచినప్పుడు అవి ఆ లోయలోనే వరుసగా పడినవి. 1960ల చివరికి పలకల సిద్ధాంతము లోకమంతట అంగీకరింపబడినది.

ఇప్పుడు మన పలక సంగతి. ఒకకాలమున భారతదేశము, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా ఒకే మహాఖండముగా నుండెను. దానిపేరు గోండ్వానా. మధ్యభారతమున గోండులు నివసించు సీమ పేరది. ఆదిలాబాదు అడవులలోని గోండుల జాతినామమే ప్రపంచమందలి భూగర్భశాస్త్ర గ్రంథములన్నిటి కెక్కినది. నేటి మన తూర్పుతీరము అంటార్కిటికాతో అంటియుండెను. సుమారు 13 కోట్ల యేండ్ల క్రిందట ఆ యతుకు విడినది. నడుమ సముద్రము చొచ్చినది. అదియే క్రమముగా వెడల్పయినది. ఒంగోలు సమీపమున వేమవరమునందు రాతిపొరలలో ఆ ప్రాచీనకాలపు చెట్ల యాకులు అచ్చొత్తినట్లు నేటికిని కానవచ్చును.

విడిపడిన భారత పలక యుత్తరమునకు బయలుదేఱి, కొంతకాలము ఏటికి 15 సెంటీమీటర్లకు మించిన వేగముతో నడచి, సుమారు 5 కోట్ల యేండ్ల క్రిందట ఆసియాఖండమును ఢీకొన్నది. ఆ ఒత్తిడికి ముడుతలు పడి లేచినవే హిమాలయములు. ప్రయాణము నేటికిని ఆగలేదు. హైదరాబాదులో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనాలయములోని ఉపగ్రహ యంత్రము కొలిచి చెప్పుచున్నది: మన నేల ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యదిక్కుగా సాగుచున్నది. చేతిగోళ్లు పెరుగు వేగముకంటె ఇది కొంచెము ఎక్కువ. మనతో కూడ పొలము, గుడి, బడి, రాజబాటయు అన్నియు కలిసి కదలుచున్నందున మనకు తెలియదు.

ఇంతటి చరిత్రకు సాక్ష్యములు మన యిండ్లలోనే యున్నవి. పిల్లల అక్షరాభ్యాసమునకు వాడిన మార్కాపురపు పలక యొకప్పుడు సముద్రపు అడుగున పేరిన బురద. కొండలు పుట్టించిన ఒత్తిడియు వేడియు దానిని పొరలుగా విడిపోవు రాయిగా మార్చినవి. తాంబూలమునకును గోడలకును వాడు పిడుగురాళ్ల సున్నము, నేలకు పఱచిన మాచర్ల నాపరాయి కూడ ప్రాచీన సముద్రగర్భమున పేరిన సున్నపురాతివే. వంటింటి గట్టున పఱచిన చీమకుర్తి నల్లరాయి మాత్రము నిప్పువలన పుట్టినది. కఱగిన రాయి భూగర్భమున లోతుగా చిక్కుకొని, బహుకాలము మెల్లగా చల్లాఱి గడ్డకట్టినప్పుడు అది యేర్పడినది. పైనున్న భూమి యుగములతరబడి వానకు గాలికి అరిగిపోగా నేడు మన కంటబడినది. అందు మెఱయు చుక్కలు బంగారము కావు. కంచురంగు గల ఖనిజపు రేణువులు.

ఇక అసలు ప్రశ్న. మనము పలక యంచున లేము. ఉత్తరపు అంచు హిమాలయములకడ, తూర్పు అంచు అండమాను, సుమత్రా దీవుల కడ నున్నది. మఱి ముండ్లమూరు ఏల కంపించినది? అతుకువేసిన పాత కుండకు ఒత్తిడి తగిలినచో ఆ యతుకే మొదట కదలును. మన దేశమును అట్టిదే. హిమాలయములకడ తగులు ఒత్తిడి పలక యంతటను వ్యాపించును. ప్రకాశము సీమలో తూర్పు కనుమల రాతిమండలము దక్షిణాపథపు ప్రాచీన భూమితో నూఱుకోట్ల యేండ్లకు పూర్వమే అతికినది. ఆ యతుకుల చెంత పాత పగుళ్లు గలవు. వీనిని భ్రంశము లందురు. నల్లమలలో పుట్టి, కంభము చెఱువు నింపి, అద్దంకిమీదుగా సముద్రమునకు పోవు గుండ్లకమ్మ దారిలోను అట్టి భ్రంశము కలదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎంతోకాలము బిగిసియున్న పగులు కొంచెము జరిగినప్పుడు భూమి కంపించును. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతమున 5.4 పరిమాణముతో వచ్చినదియు, 1969 ఏప్రిలు 13న భద్రాచలము చెంత వచ్చినదియు ఇట్టి లోపలి భూకంపములే.

పరిమాణపు అంకెలను గూర్చి యొక మాట. అంకెలో 3కును 5కును భేదము రెండే యని తలపరాదు. ఒక్కొక్క అంకెకు శక్తి సుమారు 32 రెట్లు పెరుగును, రెండంకెలకు వేయిరెట్లు. కావున గిన్నెలు గలగలలాడించిన చిన్న కంపము వేఱు, గోడలు కూల్చునది వేఱు. చిన్నవి వచ్చినంతమాత్రమున పెద్దది వచ్చితీరునని లేదు. రాదనియు నిశ్చయము లేదు. ఫలానా దినమున, ఫలానా గంటకు వచ్చునని ముందుగా చెప్పగల విద్య ప్రపంచమున నేటికి నెవరికిని లేదు. అట్లు చెప్పినవారి మాట నమ్మి బిడ్డలతో చలిలో తెల్లవార్లు మేలుకొనవలసిన పని లేదు.

మన రేగడి పొలములందు వేసవిలో కాలు దిగునంత నెఱ్ఱెలు విచ్చును. వానికిని భూకంపమునకును సంబంధము లేదు. రేగడిమన్ను తడిసిన ఉబ్బును, ఎండిన ముడుచుకొనును. ఆ నెఱ్ఱెలు తొలివానకు మూసికొనును. రేగడిపై కట్టిన యిండ్ల గోడలు బీటలువాఱుటకు ఈ ఉబ్బుటయు ముడుచుకొనుటయు సాధారణ కారణము. అయితే మెత్తని మన్ను కంపమును పెంచి చూపుననుట నిజము. అందుచేత రేగడిపై పునాది విషయమున అశ్రద్ధ కూడదు.

భూకంపము మనుష్యుని చంపుట యరుదు, చంపునది యిల్లు. 1993 సెప్టెంబరు 30న తెల్లవాఱుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతమున 6.2 పరిమాణముతో భూకంపము వచ్చినది. అదియు పలక నడుమ వచ్చినదే. మట్టితో పేర్చిన దళసరి రాతిగోడలు, వానిపై బరువైన మట్టిమిద్దెలు నిద్రించువారిపై కూలినవి. సుమారు 10,000 మంది మరణించిరి. మన పల్నాటి గ్రామములలోను మట్టితో కట్టిన రాతిగోడల యిండ్లు గలవు. కావున ఇల్లు కట్టునప్పుడును, బాగుచేయునప్పుడును ఇల్లాలు మేస్త్రీని అడుగవలసిన ప్రశ్నలు రెండు. పునాదిపైనను, తలుపుల కిటికీల పైభాగమునను గోడలచుట్టు తెగకుండ ఇనుపచువ్వల కాంక్రీటు పట్టీ వేయుచున్నారా? రాతిగోడయైనచో రెండు వరుసలను కలిపి పట్టు పొడుగురాళ్లు నడుమనడుమ పెట్టుచున్నారా? ఈ రెంటికి అయ్యెడు వ్యయము ఇంటి వ్యయములో కొలదిభాగము.

ఇంటిలోపలి జాగ్రత్తలు పూర్తిగా మన చేతిలోనివే. మంచములపైనున్న అటకమీద రుబ్బురాయి, ఇత్తడి బిందెలు, ఆవకాయ జాడీలు ఉంచరాదు. నిలువు బీరువాను గోడకు బిగింపవలెను. మిరపబస్తాలు తలకు మించిన యెత్తున పేర్చి వాని ప్రక్కన పిల్లలను పండుకొననీయరాదు. ప్రత్తి యింట నిలువచేసినవారు పొయ్యికి దూరముగా నుంచవలెను; కంపమున పొయ్యి ఒరిగినచో ప్రత్తికి నిప్పంటుట క్షణములో పని. కంపించునప్పుడు మెట్లమీదుగా పరుగెత్తరాదు. గట్టి బల్ల క్రిందికి చేరి తల కాపాడుకొనవలెను. అద్దములకు, బీరువాలకు ఎడముగా నుండవలెను. ఒంటియంతస్తు ఇంట వాకిలి రెండడుగుల దూరమున నున్నచో బయలుప్రదేశమునకు పోవచ్చును. కంపము ఆగిన వెంటనే గ్యాసు కట్టివేసి వెలుపలికి రావలెను.

తీరగ్రామముల సోదరీమణు లింకొకటి గుర్తుంచుకొనవలెను. 2004 డిసెంబరు 26 ఉదయమున సుమత్రా చెంత మన పలక తూర్పుపలక క్రిందికి జరిగి 9.1 పరిమాణపు భూకంపము కలిగినది. ఇచట గోడయైన కూలలేదు. కాని కొన్ని గంటలలో సముద్రము పొంగి ఆంధ్రతీరమున నూఱుమందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. దాని పిమ్మట 2007లో హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడినది. అయినను సముద్రము అకస్మాత్తుగా వెనుకకు తగ్గినచో చేపలకొఱకు ముందుకు పోక, హెచ్చరికకై వేచియుండక, మెట్టకు చేరవలెను.

పిల్లలు ఈ సంగతులు పరీక్షకొఱకు చదివి మఱచిపోవుదురు. తల్లి మామిడిపండు కోసి, కుండ తట్టి, పాలగిన్నె చూపి చెప్పినచో మఱువరు. అందులోను ఆడపిల్లలకు లేమాను, థార్పుల పేర్లు తప్పక చెప్పుడు. భూమి నడిమి గోళమును, సముద్రపు చీలికను ముందుగా గుర్తించినవారు స్త్రీలని తెలిసిన బాలిక భూగర్భశాస్త్రము తనకు పనికిరాదని తలపదు. ఇక నేటి పనిగా, ఈ పత్రిక ప్రక్కన పెట్టిన పిదప మంచముపైనున్న అటక వంక ఒకమాఱు చూచి, అచట బరువేదైన నున్నచో దింపించుడు.